క్లినిక్ వదిలి ఎపిడెమియాలజీలోకి వస్తానన్న మా అమ్మాయికి

చిట్టితల్లీ,

మొన్న ఫోన్లో నువ్వడిగింది రెండు ముక్కల్లో తేలే విషయం కాదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. క్లినిక్ వదిలేసి ఎపిడెమియాలజీలో, అంటే జబ్బు ఎవరికి ఎందుకొస్తుందో జనంలో లెక్కలు తీసి వెతికే శాస్త్రంలో, పీహెచ్‌డీ చేద్దామనుకుంటున్నానని చెప్పి, వెంటనే "ఇన్నేళ్లూ హార్మోన్లు, క్యాన్సర్ అంటూ పనిచేశావు కదమ్మా, నీ చేత్తో ఒక్క పేషెంటుకైనా నయం చేయలేదే అని ఎప్పుడూ అనిపించలేదా?" అన్నావు. అనిపించింది. అయినా నువ్వు ఇటు రావాలనే నా కోరిక. ఆ మాట ముందే చెప్పేశాను కాబట్టి మిగతాది స్థిమితంగా రాస్తాను.

నన్ను ఇటు లాగింది ఎనిమిది మంది అమ్మాయిల కేసు. ఇరవై ఏళ్లకు అటూ ఇటూగా ఉన్న ఆ పిల్లలకు యోనిలో చాలా అరుదైన క్యాన్సర్ వచ్చింది. బోస్టన్‌లో వాళ్లకు వైద్యం చేస్తున్న డాక్టర్లకు కారణం అంతుపట్టలేదు. ఒక అమ్మాయి తల్లి మాత్రం, తాను కడుపుతో ఉన్నప్పుడు డీఈఎస్ మాత్రలు వేసుకున్నానని, దానివల్లే ఇలా అయ్యుంటుందా అని హోవర్డ్ ఉల్ఫెల్డర్ అనే డాక్టర్‌ని అడిగింది. డీఈఎస్ అంటే ల్యాబ్‌లో తయారుచేసిన ఈస్ట్రోజెన్ (ఆడ హార్మోన్). గర్భస్రావం కాకుండా ఆపుతుందని అప్పట్లో ఇచ్చేవారు. ఆర్థర్ హెర్బ్‌స్ట్, ఉల్ఫెల్డర్, మరో సహచరుడు కలిసి ఒక్కో అమ్మాయికి పోలికగా, అదే ఆసుపత్రిలో ఐదు రోజుల తేడాలో పుట్టిన నలుగురు ఆడపిల్లల్ని తీసుకున్నారు. జబ్బుపడిన ఎనిమిది మందిలో ఏడుగురి తల్లులు డీఈఎస్ వాడారు. పోలికకు తీసుకున్న 32 మంది తల్లుల్లో ఒక్కరూ వాడలేదు. నలభై కాగితాలు టేబుల్ మీద పరిస్తే కళ్లకు కనిపించే లెక్క ఇది. 1971లో ఆ పేపర్ వచ్చింది. గర్భిణులకు ఆ మందు ఇవ్వొద్దని అదే ఏడాది నవంబర్‌లో అమెరికాలో మందుల్ని నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ డాక్టర్లను హెచ్చరించింది.

ఆ మందు గర్భాన్ని నిలబెట్టదని 1953లోనే చికాగోలో జరిగిన ట్రయల్‌లో తేలిపోయింది. అయినా రాస్తూనే ఉన్నారు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది. ఆ తల్లి నోరు తెరిచి అడగకపోయి ఉంటే, ఆ డాక్టర్ ఆమె మాటను కొట్టిపారేసి ఉంటే ఇంకెన్నేళ్లు పట్టేదో! నేను ఈ పనిలో నేర్చుకున్నదంతా చివరికి ఆ ఒక్క విషయానికే వస్తుంది. మన ప్రశ్న ఆడవాళ్ల బతుకుల్లోంచి పుడుతుంది. దానికి దొరికిన జవాబు వాళ్లకు పనికొచ్చే మాటగా తిరిగి వాళ్ల దగ్గరికే చేరాలి. మధ్యలో ఉన్నదంతా మన బాధ్యత.

అన్నిసార్లూ లెక్క అంత తేటగా ఉండదు. రొమ్ము క్యాన్సర్‌లో మనం వెతికే తేడాలు చిన్నవి. వాటిని పట్టుకోవాలంటే వేలల్లో, లక్షల్లో మనుషులు కావాలి. 1926లో ఇంగ్లండ్‌లో జానెట్ లేన్-క్లేపన్ రొమ్ము క్యాన్సర్ ఉన్న 500 మందిని, లేని 500 మందిని పోల్చి చూసింది. పిల్లలు తక్కువ ఉన్నవాళ్లకు, ఆలస్యంగా పెళ్లయినవాళ్లకు ఈ జబ్బు ఎక్కువని ఆనాడే కనిపెట్టింది. 1976లో అమెరికాలో మొదలైన నర్సుల స్టడీలో 1,21,700 మంది చేరారు. వాలెరీ బెరల్ బ్రిటన్‌లో నడిపిన మిలియన్ విమెన్ స్టడీలో పది లక్షలు దాటారు. ఇంత పెద్ద అంకెలు చదివినప్పుడల్లా, ఒక్కొక్క ఫారం వెనక కూర్చుని తీరిక చేసుకుని రాసిన మనిషిని నేను ఊహించుకుంటాను. ఆ మనిషికి మన స్టడీ వల్ల వచ్చే లాభం ఏమీ లేదు. తన తర్వాతివాళ్ల కోసం రాసింది.

ఇంటర్వ్యూ ఎలా జరుగుతుందో నీకు చెప్పాలి, ఎందుకంటే పుస్తకాల్లో ఇది రెండు లైన్లలో ఉంటుంది. "గర్భనిరోధక మాత్రలు ఎన్నాళ్లు వాడారు?" అని నేరుగా అడిగితే "ఏమో, గుర్తులేదు" అంటారు. అందుకని ముందు ఒక పొడుగాటి కాగితం పరుస్తాం. ఏ ఏడు పెళ్లి, ఏ ఏడు మొదటి కాన్పు, ఎప్పుడు ఇల్లు మారారు, ఎప్పుడు ఉద్యోగంలో చేరారు, అన్నీ దాని మీద వరసగా రాస్తాం. తర్వాత మాత్రల ప్యాకెట్ల ఫొటోలున్న ఆల్బమ్ చేతికిస్తాం. పేజీలు తిప్పుతూ తిప్పుతూ ఒకచోట వేలు ఆగుతుంది. "ఇదే! రెండోవాడు పుట్టాక ఇదే వాడాను, వాడు బడికి వెళ్లేదాకా." అలా జ్ఞాపకం తేదీగా మారడం చూస్తే నాకు ఎప్పటికీ విసుగు రాలేదు.

ఒకామె, చికిత్స జరుగుతున్న మనిషి, కాగితం మీద మొదటి కాన్పు దగ్గర చెయ్యి పెట్టి అడిగింది: "నాకు ముప్ఫై దాటాక పుట్టింది పాప. అందుకే వచ్చిందా ఇది?" ఆ రిజల్ట్ ఆమె ఎక్కడో చదివింది. 1970లో బ్రయన్ మెక్‌మహన్ బృందం చెప్పింది అదే: పద్దెనిమిది లోపు మొదటి కాన్పు అయినవాళ్లతో పోలిస్తే ముప్ఫై ఐదు దాటాక అయినవాళ్లకు రిస్క్ దాదాపు మూడు రెట్లు. కానీ అది గుంపు లెక్క. ఆలస్యంగా తల్లులైనవాళ్లలో ఎక్కువమందికి ఈ జబ్బు రానే రాదు. ఇరవైలోనే కన్నవాళ్లలోనూ కొందరికి వస్తుంది. ఆమెకు ఎందుకొచ్చిందో మన టేబుల్ చెప్పలేదు. "మీరు చేసిన తప్పేమీ లేదమ్మా" అన్నాను. ఇది ఓదార్పు మాటే కాదు, శాస్త్రం కూడా ఆ మాటే చెబుతుంది. మన అంకెలు ఏ ఆడమనిషి మీదా నేరం మోపడానికి వాడకుండా చూసుకోవాలి. నువ్వు ఏం రాసినా, ఎక్కడ మాట్లాడినా ఈ జాగ్రత్త తప్పదు.

మార్చుకోలేనివాటి గురించి తెలుసుకుని ఏం లాభమని నువ్వే ఒకసారి అడిగావు. లాస్ ఏంజెలెస్‌లో మాల్కమ్ పైక్, బ్రయన్ హెండర్సన్ వాళ్లు దీనికి మంచి దారి చూపించారు. హార్మోన్ల ప్రభావంలో రొమ్ములోని కణాలు విభజన చెందుతాయి. ఒకే కాగితాన్ని చేత్తో మళ్లీ మళ్లీ నకలు రాస్తుంటే ఎక్కడో ఒక అక్షరం తప్పుపడినట్టు, విభజనలు పెరిగే కొద్దీ పొరపాటుకు అవకాశం పెరుగుతుంది. రజస్వల ఎప్పుడైంది, కాన్పులు ఎన్ని, నెలసరి ఎప్పుడు ఆగింది అన్న విడివిడి సంగతులన్నీ అప్పుడు ఒకే కథలోకి వస్తాయి. కారణం అర్థమైతే అడ్డుకునే దారి కూడా దొరుకుతుంది. ఈస్ట్రోజెన్‌ను రొమ్ములో అడ్డుకునే టామాక్సిఫెన్‌ను రిస్క్ ఎక్కువున్న 13,388 మంది మీద పరీక్షించారు. రొమ్ము క్యాన్సర్లు దాదాపు సగం తగ్గాయని 1998లో తేలింది. అదే మందు వల్ల గర్భసంచి క్యాన్సర్, రక్తం గడ్డకట్టడం కొంత పెరిగాయి.

ఈ రంగంలో నన్ను ఇన్నాళ్లు కట్టిపడేసింది సరిగ్గా ఇదే. హార్మోన్ ఒక అవయవానికి చేసే మేలు ఇంకో అవయవానికి మేలు కాకపోవచ్చు. మెనోపాజ్ (నెలసరి ఆగిపోయే దశ) ఇబ్బందులకు ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇస్తే గర్భసంచి లోపలి పొరలో క్యాన్సర్ పెరుగుతోందని 1975లో బయటపడింది. దాన్ని కాపాడడానికి ప్రొజెస్టిన్ అనే ఇంకో హార్మోన్ కలిపారు. గర్భసంచి బాగానే ఉంది, రొమ్ముకు ముప్పు పెరిగింది. గర్భనిరోధక మాత్రలు వాడుతున్నంతకాలం రొమ్ము క్యాన్సర్ రిస్క్ కొంచెం పెరుగుతుంది. అదే మాత్రలు అండాశయ క్యాన్సర్ నుంచి ఇచ్చే రక్షణ, వాడకం ఆపేసిన ముప్ఫై ఏళ్లకూ కొంత మిగిలి ఉంటుంది. "మంచిదా చెడ్డదా" అని ఒక్క మాటలో అడిగేవాళ్లకు మన దగ్గర జవాబు ఉండదు. ఎవరికి, ఏ వయసులో, ఎన్నాళ్లు అని తిరిగి అడగాలి.

ల్యాబ్ పని నీకు నచ్చుతుందనుకుంటాను. నర్సుల స్టడీలో 1989, 90ల్లో దాదాపు 33 వేల మంది రక్తం తీయించి, చల్లటి ప్యాక్‌లో పెట్టి పంపారు. ఆ గొట్టాలు ద్రవ నైట్రోజన్‌లో ఏళ్ల తరబడి ఉన్నాయి. జబ్బు వచ్చాక తీసిన రక్తాన్ని నమ్మలేం, ఎందుకంటే జబ్బే హార్మోన్‌ని మార్చి ఉండొచ్చు. అందరూ ఆరోగ్యంగా ఉన్నప్పుడే దాచిపెట్టి, తర్వాత ఎవరికి వస్తుందో వేచిచూడాలి. గొట్టం బయటికి తీసినప్పుడు మంచు తుడిస్తే కనిపించేది బార్‌కోడ్ ఒక్కటే. అది జబ్బుపడిన మనిషిదో, పోలికకు తీసుకున్న మనిషిదో కొలిచేవాళ్లకు తెలియనివ్వం. ఇలాంటి తొమ్మిది స్టడీలను కలిపి చూస్తే, మెనోపాజ్ తర్వాత ఈస్ట్రోజెన్ బాగా ఎక్కువున్న వాళ్లకు బాగా తక్కువున్న వాళ్లకంటే రిస్క్ దాదాపు రెట్టింపని 2002లో వచ్చింది. ఆ వయసులో అండాశయాలు ఆగిపోయినా కొవ్వు కణజాలం ఈస్ట్రోజెన్ తయారుచేస్తుంది. బరువుకూ రొమ్ము క్యాన్సర్‌కూ ఉన్న సంబంధంలో పెద్ద భాగం అలా అర్థమైంది.

2002 జులై గురించి రాయకుండా ఈ ఉత్తరం ముగించలేను. అమెరికాలో విమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్ ట్రయల్‌లో 16,608 మందికి చీటీ వేసినట్టు, కొందరికి ఈస్ట్రోజెన్-ప్రొజెస్టిన్, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. గుండెకు మంచిదని అంతకుముందు మనలాంటి వాళ్ల స్టడీలు, అంటే చీటీ వేయకుండా తమంతట తాము వాడుకునేవాళ్లను గమనించేవి, సూచించాయి. ట్రయల్‌లో ఆ మేలు కనబడలేదు. రొమ్ము క్యాన్సర్ పెరగడంతో మధ్యలోనే ఆపేశారు. హార్మోన్లు కోరి వాడుకునే వాళ్లు మొదటినుంచీ ఆరోగ్యం మీద శ్రద్ధ ఉన్నవాళ్లు కావడం ఆ తేడాకు ఒక కారణం. ట్రయల్‌లో చేరినవాళ్ల సగటు వయసు 63, అంటే మెనోపాజ్ దాటి చాలా ఏళ్లైనవాళ్లు ఎక్కువ. అది ఇంకో కారణం.

అప్పుడు పేపర్లలో "రిస్క్ 26 శాతం పెరిగింది" అని వచ్చింది. అదే విషయాన్ని ఇంకోలా చెప్పొచ్చు: పది వేల మంది ఏడాదిపాటు వాడితే 38 మందికి వస్తుంది, వాడకపోతే 30 మందికి. ఎనిమిది మంది ఎక్కువ. రెండూ నిజాలే. రాత్రంతా ఒళ్లు వేడెక్కి, చెమటలు పట్టి నిద్రలేక నలిగిపోతున్న మనిషి నిర్ణయం తీసుకోవాలంటే రెండోది కావాలి. లక్షలమందికి మందు రాసే దేశం మాత్రం ఆ ఎనిమిదిని వేలల్లో లెక్కపెట్టుకోవాలి. ఆ వార్త తర్వాత చాలామంది మాత్రలు మానేశారు. 2003లో అమెరికాలో రొమ్ము క్యాన్సర్ కేసులు దాదాపు 7 శాతం తగ్గాయి. ఆ తగ్గుదలకు మాత్రలు మానేయడమే ముఖ్య కారణమని నేను నమ్ముతాను. అందులో ఏ ఆడమనిషి బతికిపోయిందో ఎవరూ పేరు పెట్టి చెప్పలేరు, ఆమెకూ తెలియదు. నువ్వడిగిన తృప్తి నాకు అక్కడ దొరికింది.

చేరే ముందు స్టాటిస్టిక్స్ గట్టి చేసుకో, అందులో మొహమాటం వద్దు. మొదటి ఏడాది సాఫ్ట్‌వేర్ ముందే కూర్చోకుండా ఇంటర్వ్యూలకు వెళ్లనిస్తారా అని గైడ్‌ని అడుగు. వెళ్లనివ్వకపోతే ఇంకో గైడ్‌ని చూసుకోవడమే మంచిదని నా అభిప్రాయం. ప్రపోజల్ రాయడం మొదలుపెట్టాక సగంలో ఉన్నా సరే పంపు. ముందు ప్రశ్నావళి చదువుతాను, ఆ తర్వాతే మిగతాది.

ప్రేమతో,
అమ్మ