కువైట్‌కు పోయినోళ్ళ కాగితాలు ఎక్కడ దాచాం?

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం సంచికలో మారిషస్ యాత్ర గురించి వ్యాసం చదివాను. బీచ్‌లు, రిసార్టులు, హనీమూన్ ప్యాకేజీలు అన్నీ రాశారు. కానీ పోర్ట్ లూయిస్ రేవులో ఒకప్పుడు మన కూలీలు ఓడ దిగిన ఆప్రవాసీ ఘాట్ గురించి ఒక్క లైను కూడా లేదు. తెలుగువాళ్ళకు మారిషస్ గురించి చెబుతూ ఆ రాతి మెట్లను వదిలేయడం నాకు బాధనిపించింది, అందుకే ఈ ఉత్తరం.

ఆ దేశం విస్తీర్ణం మొత్తం కలిపి సుమారు 2,040 చదరపు కిలోమీటర్లు, మా పాత కడప జిల్లాలో ఏడో వంతు కూడా ఉండదు. డచ్చివాళ్ళు వచ్చి పోయారు. ఫ్రెంచివాళ్ళు ఆఫ్రికా నుంచి, మడగాస్కర్ నుంచి బానిసలను తెచ్చి చెరకు తోటల్లో పని చేయించారు. 1810లో ఇంగ్లీషువాళ్ళు దీవిని పట్టుకున్నారు. 1835లో బానిసత్వం రద్దయింది, అది వస్తోందని తెలిసిన తోటల యజమానులు 1834 నుంచే మన దేశం వైపు చూశారు. అక్కడి నుంచి 1920 దాకా దాదాపు 5 లక్షల మంది ఒప్పంద కూలీలుగా ఆ రేవులో దిగారు. ఐదేళ్ళ ఒప్పందం, మగవాళ్ళకు నెలకు 5 రూపాయలు, పైన తిండిగింజలు. ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవాళ్ళు. తెలుగువాళ్ళు చాలామంది కాకినాడ దగ్గరి కోరంగి రేవులో ఓడెక్కారు, అందుకే అక్కడ వాళ్ళకు కొరంగీలని పేరు పడింది.

నేను అసలు చెప్పాలనుకున్నది వాళ్ళ కాగితాల గురించి. దిగిన ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చి పేరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు, కులం, ఊరు, ఎక్కి వచ్చిన ఓడ అన్నీ రిజిస్టర్లలో రాశారు, 1860ల నుంచి ఫొటోలు కూడా ఉన్నాయి. ప్రేమతో రాసిందేమీ కాదు. 1867 చట్టం ప్రకారం ఒప్పందం తీరిపోయిన కూలీ కూడా ఫొటో ఉన్న టికెట్టు జేబులో పెట్టుకునే తిరగాలి, అది లేకపోతే పోలీసులు పట్టుకుపోయేవాళ్ళు. మా కువైట్ వాళ్ళకు అకామా, అంటే అక్కడ ఉండడానికి ఇచ్చే అనుమతి కాగితం, అంటే ఎంత టెన్షనో, ఆ రోజుల్లో వాళ్ళకు ఆ టికెట్టు అంత. ఇప్పుడు ఆ రిజిస్టర్లు మారిషస్‌లోనే మోకా అనే ఊళ్ళో ఉన్న మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి, మునిమనవళ్ళు అక్కడికెళ్ళి తమ ముత్తాత ఏ ఊరివాడో కనుక్కుంటున్నారు. 1968లో స్వాతంత్ర్యం వచ్చాక ఆ చిన్న దేశం ఈ కథను దాచుకోలేదు. ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయిన రోజుకు సెలవు, నవంబర్ 2న కూలీలు వచ్చిన రోజుకు సెలవు, మన ఉగాదికీ సెలవు ఇస్తారు. 2006లో యునెస్కో ఆ ఘాట్‌ను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇప్పుడు మా సంగతి చూడండి. కడప, రాజంపేట, రాయచోటి వైపు కువైట్‌కు మనిషి పోని వీధి ఉందా? మా చిన్న మేనమామ 1984లో పోయాడు. ఏజెంటు చెప్పింది డ్రైవర్ పని, అక్కడ పెట్టింది ఎడారిలో గొర్రెల దగ్గర. రెండేళ్ళు ఓర్చుకుని బయటపడ్డాడు, ఖల్లివల్లి అయ్యాడు, అంటే యజమానిని వదిలేసి కాగితాలు లేకుండా బయట పనిచేసేవాడన్నమాట, ఇంకో ఆరేళ్ళు ఎక్కడెక్కడ పనిచేశాడో మాకు తెలియదు. ఉత్తరాలు రాయడం రాదు కాబట్టి క్యాసెట్‌లో మాట్లాడి, ఊరికి వచ్చేవాళ్ళ చేత పంపేవాడు. మా అవ్వ ఆ క్యాసెట్ పెట్టుకుని వింటూ మధ్యమధ్యలో టేప్‌రికార్డర్‌తోనే "తిన్నావా నాయనా" అని మాట్లాడేది. ఆయన చనిపోయాక, కఫీల్ (వీసా ఇచ్చి పనికి పెట్టుకున్న అక్కడి యజమాని) పేరేమిటి, ఏ ఊళ్ళో ఉన్నాడు అని పిల్లలు అడిగితే మా దగ్గర చెప్పడానికి ఏమీ లేదు. పాస్‌పోర్టు కూడా లేదు. 1870లో పోయిన కూలీ గురించి మారిషస్‌లో వాళ్ళ మునిమనవళ్ళకు తెలిసినంత కూడా, 1984లో పోయిన మా మేనమామ గురించి మాకు తెలియదు. ఇళ్ళల్లో పనికి పోయిన ఆడవాళ్ళ సంగతి ఇంకా ఘోరం, చాలామంది తిరిగొచ్చాక నోరే విప్పలేదు.

ప్రభుత్వ ఆఫీసుల్లో ఫైళ్ళు ఉండొచ్చు, మనలాంటి వాళ్ళకు అవి అందేవి కావు. నేను అడిగేది చిన్నది. మా కడపలో బ్రౌన్ గ్రంథాలయం ఉంది, తాళపత్రాలు దాచిన చోటు. సర్వే చేయడానికి వచ్చిన ఇంగ్లీషు అధికారి కాలిన్ మెకంజీ మనుషులు రెండు వందల ఏళ్ళ కిందట మా పల్లెల్లో తిరిగి కైఫీయతులు, అంటే ఊళ్ళ చరిత్రలు, రాసుకున్నారు కాబట్టే అప్పటి మా ఊళ్ళ సంగతులు ఇవాళ తెలుస్తున్నాయి. అలాంటి చోట ఒక్క గది, ఒక స్కానరు, క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించే మిషను పెడితే చాలు. పాత వీసాలు, అకామాలు, డ్రాఫ్టుల రసీదులు, క్యాసెట్లు ఎవరింట్లో ఉంటే వాళ్ళు తెచ్చి కాపీ చేయించుకుని వెనక్కి తీసుకుపోతారు. మొదటి తరం వాళ్ళకు ఇప్పుడు డెబ్బై దాటింది, వాళ్ళ మాటలు రికార్డు చేయడానికి కాలేజీ పిల్లలు చాలు. మీ పత్రిక ఒక పిలుపు ఇస్తే ఇది త్వరగా జరుగుతుంది.

మా ఇంట్లో మేనమామ పంపిన క్యాసెట్లు నాలుగు మిగిలాయి, ఒకదాని టేపు అతుక్కుపోయింది. గది ఎప్పుడు తెరిస్తే అప్పుడు ముందు అవే తెస్తాను.

— ఒక రిటైర్డ్ టీచర్, కడప