చెరకుకు దక్కిన పరిశోధన సముద్రానికీ కావాలి

సంపాదకులకు నమస్కారం.

చిన్న ద్వీప దేశాలపై పత్రికల్లో వచ్చే వ్యాసాలు చాలావరకు పర్యాటకం దగ్గరే ఆగిపోతున్నాయి. మా కాకినాడ పక్కనున్న కోరంగి రేవు నుంచి పందొమ్మిదో శతాబ్దంలో చెరకు తోటల కూలికి ఓడలెక్కినవారి వారసులున్న మారిషస్‌నే చూడండి. చెరకుకు 1953లోనే ప్రత్యేక పరిశోధన సంస్థను పెట్టుకుని, పిప్పిని కాల్చి కరెంటు తీయడం నేర్చిన ఆ దేశం, 2006లో ఐరోపా సమాఖ్య చేపట్టిన సంస్కరణలతో చక్కెర ధర 36 శాతం తగ్గినా తట్టుకుని నిలబడింది. దుస్తులు, పర్యాటకం, బ్యాంకింగ్ కూడా అందుకు తోడయ్యాయనుకోండి.

సముద్రం సంగతి వేరు. నేల రెండు వేల చదరపు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ; ప్రత్యేక ఆర్థిక మండలం, అంటే వనరులపై ఆ దేశానికే హక్కులున్న సముద్ర ప్రాంతం, దాదాపు 23 లక్షల చదరపు కిలోమీటర్లు. 2020 జులై 25న వకాషియో నౌక ఆగ్నేయ తీరపు పగడపు దిబ్బనెక్కి, ఆగస్టులో సుమారు వెయ్యి టన్నుల ఇంధన నూనె కారినప్పుడు, జనమే ఎండు చెరకు ఆకును గుడ్డ సంచుల్లో కూరి, ఖాళీ ప్లాస్టిక్ సీసాలు కట్టి నీటిపై తేల్చి అడ్డుకట్ట వేశారు. అక్కడా చెరకే ఆదుకుంది!

అలాంటి నూనె మడ అడవుల బురదలోకి దిగితే ఏళ్ల తరబడి నమూనాలు తీసి పరీక్షించాల్సిందే. పన్నెండున్నర లక్షల జనాభా ఉన్న దేశం ఒంటరిగా అన్ని రంగాల్లో నిపుణులను తయారుచేసుకోలేదు. సముద్ర సమాచారంపై పనిచేసే ఇన్‌కాయిస్ మన హైదరాబాద్‌లోనే ఉంది; మారిషస్ విద్యార్థులకు అక్కడ దీర్ఘకాలిక పరిశోధక వేతనాలు ఇచ్చే విషయాన్ని కేంద్రం పరిశీలించాలి.

– ఒక పాఠకుడు, కాకినాడ