మన గొంతు పిల్లలకు ఎలా వినిపిస్తోంది?

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ప్రోగ్రెస్ కార్డులు ఇచ్చిన రోజు ఒక నాన్నగారు కొడుకును వెంటబెట్టుకుని నా గదికి వచ్చారు. రాత్రి షిఫ్టు ముగించుకుని, నిద్ర కూడా పోకుండా నేరుగా బడికి వచ్చిన మనిషి. "వీడికి తెలివి లేక కాదు మేడమ్, ఒళ్లు బద్ధకం. లెక్కల్లో 41 మార్కులు చూడండి" అన్నారు. ఆ మాటలో నాకు బెంగ వినిపించింది. అబ్బాయికి ఏం వినిపించిందో గాని, తల దించుకుని కార్డు మూలను మడిచాడు, విప్పాడు, మళ్లీ మడిచాడు. వాళ్లు లేచేసరికి ఆ మూల చిరిగి ఉంది.

ఆయన్ను తప్పుపట్టే అర్హత నాకు లేదు. ఆరో తరగతి పాప ఒకతె చాలా రోజులు నా గది ముందు నుంచి కాకుండా చుట్టూ తిరిగి తరగతికి వెళ్లేది. అడిగితే, "మీకు నా మీద కోపం కదా మేడమ్" అంది. ఆలోచనలో పడితే నా నుదురు ముడుచుకుంటుంది. ఆ ముఖం నాకు కనపడదు, పాపకు కనిపించింది. ఇన్నేళ్లు పాఠాలు చెప్పి కూడా ఆ సంగతి నాకు తెలియకపోయిందని ఇప్పటికీ బాధగానే ఉంది.

1990లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ న్యూటన్ అనే పరిశోధకురాలు ఒక ప్రయోగం చేశారు. ఒకరు అందరికీ తెలిసిన పాటను బల్ల మీద వేలితో దరువు వేయాలి, రెండోవారు అది ఏ పాటో చెప్పాలి. సగం పాటలైనా పోల్చుకుంటారని దరువు వేసినవారి నమ్మకం. 120 పాటల్లో పోల్చుకున్నవి 3. వేసేవారి లోపల పాట మొత్తం మోగుతుంటుంది, వినేవారికి చేరేది వట్టి టకటకలే. ఎనిమిదో తరగతిలో ఈ ఆట ఆడించాం. దరువు వేసిన పిల్లలు "ఇంత తేలిక పాట కూడా తెలియదా!" అని స్నేహితుల మీద విసుక్కున్నారు. లెక్క రెండోసారి చెప్పాల్సి వచ్చినప్పుడు ఇంట్లో మనమూ అచ్చం అలాగే విసుక్కుంటాం.

ఈ వారం ఒక్క సాయంత్రం, హోంవర్క్ చేయించేటప్పుడు పది నిమిషాలు మీ మాటలు ఫోనులో రికార్డు చేసుకోండి. పిల్లలు పడుకున్నాక వినండి. మన గొంతు మనకు గాలి ద్వారానే కాక కపాలపు ఎముకల ద్వారా కూడా చేరుతుంది కాబట్టి రికార్డులో కొత్తగా ఉంటుంది. దానికి కంగారుపడకుండా, మాట విరుపు ఎక్కడ ఉందో గమనించండి. మా ఉపాధ్యాయులు కూడా ఒక్కో పీరియడ్ ఇలాగే రికార్డు చేసుకుంటున్నారు. వచ్చే సమావేశంలో మొదటి ఐదు నిమిషాలు పిల్లలు మాట్లాడతారు, పెద్దలం వింటాం.

కార్డు సంగతి రాయవచ్చా అని ఆ నాన్నగారికి ఫోను చేశాను. కాసేపు పలకలేదు. "సంతకం పెట్టేటప్పుడు ఆ చిరుగు చూశానండీ. కార్డు జాగ్రత్తగా ఉంచుకోవడం కూడా రాదా అని మళ్లీ కోప్పడ్డాను" అన్నారు. తర్వాత, రాయమన్నారు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు