ప్యాక్ మీద 48, మీటర్‌లో 20

సంపాదకుడిగారికి,

నమస్కారం. నేను విజయవాడ అజిత్‌సింగ్‌నగర్‌లో అల్యూమినియం తలుపులు, కిటికీలు బిగించే పని చేస్తాను. పత్రికకు ఉత్తరం రాయడం ఇదే మొదలు. తప్పులుంటే దిద్ది వేసుకోండి, విషయం మాత్రం తీసేయకండి.

పోయిన నెలలో మా వీధిలో పాలిటెక్నిక్ చదివే కుర్రాడు వచ్చి, "బాబాయ్, ఎక్స్‌టెన్షన్ బాక్స్ ఈ రాత్రికి ఇస్తావా?" అన్నాడు. ఎందుకురా అంటే సైకిల్ బ్యాటరీ చార్జింగ్‌కట. నా సైకిల్ చూసే వాడూ మొదలుపెట్టాడు. నాకు బ్యాటరీ డ్రిల్లులు రెండున్నాయి, వాటి బ్యాటరీ ప్యాక్‌లు నాలుగున్నాయి. పని లేనప్పుడు అవి ఊరికే ఉంటాయి కదా అని, పాత సైకిల్‌కి 250 వాట్ల హబ్ మోటార్ (చక్రం మధ్యలో ఉండే మోటార్) కిట్టు పెట్టి, రెండేసి ప్యాక్‌లతో నడుపుతున్నాను. పాయకాపురం వెళ్లి రావడానికి హాయిగా సరిపోతుంది. మావాడు (ఆ కుర్రాడే) మాత్రం తన బండి కదలడం లేదన్నాడు. "బ్యాటరీలు ఖాళీ అయినట్టున్నాయి బాబాయ్, కొత్త చార్జర్ కొన్నాను, రాత్రంతా పెడితే సరిపోతుంది."

ఎందుకో అనుమానం వచ్చి వెళ్లి చూశాను. వాడి డ్రిల్లు ప్యాక్‌ల మీద పెద్ద అక్షరాలతో 48వి అని ఉంది. దాన్ని నమ్మి 48 వోల్టుల మోటార్ కిట్టు కొన్నాడు. రెండు ప్యాక్‌లను ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్ కలిపేశాడు. చార్జర్ వెనక పట్టీ మీద 54.6 వోల్టులు అని రాసి ఉంది. నా మీటర్ పెట్టి చూస్తే ప్యాక్‌లో ఉన్నది 20.4.

బ్యాటరీలు ఖాళీ కాలేదు, దాదాపు నిండుగానే ఉన్నాయి. మోటార్‌కు కరెంటు అందించే 48 వోల్టుల కంట్రోలర్ 20 వోల్టులకు లేవదు కాబట్టి బండి కదల్లేదు, అంతే. నా దగ్గర చచ్చిపోయిన పాత ప్యాక్ ఒకటుంటే స్క్రూలు విప్పి చూపించాను. లోపల పది సెల్లులు, జంటకు రెండు చొప్పున అయిదు జంటలు, ఒకదాని వెనక ఒకటి అయిదు వరసలుగా. జంటలో రెండున్నా వోల్టులు ఒక సెల్లువే, వరసలవి మాత్రం కలుస్తాయి. ఒక లిథియం సెల్లు నిండితే 4.2 వోల్టులు. అయిదు నాలుగులు ఇరవై, పైన ఒకటి, 21. డబ్బా మీద 48 అని రాసినా 88 అని రాసినా అయిదు వరసలుంటే 21 దాటదు. అలాంటి దానికి 54.6 వోల్టుల చార్జర్ పెట్టి, మంచం పక్కన ఉంచుకుని పడుకుందామనుకున్నాడు. వాడి చెల్లెలు కూడా ఆ గదిలోనే పడుకుంటుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మన ఊరికి ఇది కొత్త కాదు. 2022 ఏప్రిల్‌లో సూర్యారావుపేటలో పడకగదిలో చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒకాయన చనిపోయారు. అదే వారంలో నిజామాబాద్‌లో ఒక పెద్దాయన పోయారు. అవి షోరూముల్లో అమ్మిన బళ్ల బ్యాటరీలు. వాటికి ఆ ఏడాది డిసెంబరు నుంచి కొత్త పరీక్షలు పెట్టారు. మేం ఇంట్లో కట్టుకునేవాటికి ఏ పరీక్షా లేదు. మోటార్ 250 వాట్లలోపు, వేగం గంటకు 25 కిలోమీటర్లలోపు ఉంటే లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మాలాంటివాళ్లకు అది మంచిదే, కాదనను. కానీ ఎవరూ అడగరు కాబట్టి మనమే చూసుకోవాలి.

నేను ఎలా చార్జ్ చేస్తానో చెబుతాను. నా సైకిల్‌కి ప్యాక్‌లు జారి కూర్చునే బేస్‌లు రెండు పెట్టాను. అవి సిరీస్‌లో, అంటే ఒకదాని ప్లస్ ఇంకోదాని మైనస్‌కి కలిపి ఉంటాయి. అప్పుడు వోల్టులు కలుస్తాయి, నిండితే 42, సగటున 36, కాబట్టి 36 వోల్టుల కిట్టుకు సరిపోతాయి. మధ్యలో 20 ఆంపుల కారు ఫ్యూజు ఉంది. ఇంటికి రాగానే ప్యాక్‌లు ఊడదీసి, దేని పాటికి దాన్ని, డ్రిల్లుతో పాటు వచ్చిన చార్జర్‌లోనే పెడతాను. "రెండూ కలిపి 42 వోల్టుల చార్జర్ ఒక్కటి పెడితే పోయేదానికి ఇంత చాదస్తం ఎందుకు?" అని చాలామంది అడిగారు. ఎందుకంటే ఆ చార్జర్‌కు మొత్తమే తెలుస్తుంది. ఒక ప్యాక్ కొంచెం అలసిపోయి ముందే నిండిందనుకోండి. అది 22.5కి పోతుంది, రెండోది 19.5 దగ్గరే ఉంటుంది. రెండూ కలిపి 42, చార్జర్ సంతృప్తిగా పచ్చ లైటు వెలిగిస్తుంది. ఆ మొదటి ప్యాక్‌లో సెల్లుకు 4.5 వోల్టులు ఎక్కాయని దానికేం తెలుసు? ఒక్కో సెల్లు వరసను విడిగా చూసే బీఎంఎస్ బోర్డు పెట్టుకున్నవాళ్ల సంగతి వేరు. దానికి ప్రతి జంట మధ్య నుంచీ తీగ తీయాలి. డ్రిల్లు ప్యాక్ బయటికి ఆ తీగలు రావు. చాలా ప్యాక్‌లలో ఆ జాగ్రత్తలు సగం డ్రిల్లు మిషన్లోనో చార్జర్లోనో ఉంటాయి. మనం సైకిల్‌కి పెట్టగానే అవి పోయినట్టే.

చార్జ్ వాడుకునేటప్పుడూ ఇదే తంటా. కంట్రోలర్ 31 వోల్టులు చూసి ఇంకా ఉందిలే అనుకుంటుంది. ఒకటి 18, ఒకటి 13 అయినా కలిపితే 31 కదా. అందుకే హ్యాండిల్ మీద చిన్న మీటర్లు రెండు పెట్టాను, ప్యాక్‌కి ఒకటి. ఏది 16కు దిగినా తొక్కుడే. జంటలు కూడా మార్చను. మార్కర్‌తో 1, 1 అని, 2, 2 అని రాసుకున్నాను. బాగా పాతాళానికి దిగిపోయిన ప్యాక్‌ను చార్జర్ తీసుకోకపోతే, ఇంకో బ్యాటరీతో తీగలు తాకించి "కిక్" ఇచ్చి లేపడం మా పనివాళ్లలో మామూలు. అలా దిగినప్పుడు లోపల రాగి కరిగి, మళ్లీ చార్జ్ చేసేటప్పుడు ఎక్కడపడితే అక్కడ పేరుకుంటుంది. షార్ట్ అయ్యేది అక్కడే.

నేనేమీ మొదటినుంచీ తెలివిగా లేను. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి వరద వచ్చినప్పుడు నా పనిముట్ల పెట్టె నీళ్లలో ఉండిపోయింది. నీళ్లు తీశాక రెండు ప్యాక్‌లను మేడ మీద ఎండబెట్టాను. మీటర్‌లో వోల్టులు బాగానే కనిపించాయి. చార్జింగ్ పెట్టిన పావుగంటకు గోళ్లరంగు తుడిచే మందులాంటి వాసన వచ్చింది. మా ఆవిడ వంటింట్లోంచి "ఏం మాడుతోంది?" అంటూ వచ్చేసరికి ప్యాక్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. ప్లగ్గు పీకి, పారతో ఎత్తి వీధిలో పడేశాను. బుస్సుమని తెల్లటి పొగ వచ్చి ప్లాస్టిక్ అంతా కరిగిపోయింది. పగలు కాబట్టి, పక్కనే ఉన్నాం కాబట్టి బతికిపోయాం. అయినా ఎత్తి పడేయడం కూడా తెలివితక్కువ పనే. చేతిలో ఉండగా అంటుకుంటే? తలుపు దాటి 101కి ఫోన్ చేయాల్సింది. వరద నీళ్లలో నానిన ప్యాక్‌లు తుడిచి అమ్మినవాళ్లూ ఉన్నారు. సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లు టెర్మినళ్ల దగ్గర పచ్చటి చిలుము ఉందేమో చూసుకోండి.

ఇప్పుడు వరండాలో సిమెంటు గచ్చు మీద, మెలకువగా ఉన్నప్పుడే చార్జింగ్. మన ఎండలకు ఇంకో మాట. ఈ సెల్లులు 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జ్ కాకూడదు. మధ్యాహ్నం ఎండలోంచి వచ్చిన ప్యాక్‌ను చల్లారనిచ్చి గానీ పెట్టను. అపార్టుమెంట్లలో మెట్ల కింద, కరెంటు మీటర్ల పక్కన చార్జింగ్ పెడుతున్నారు. నిప్పంటుకుంటే పైవాళ్లు దిగాల్సిన దారి అదే.

మీ పత్రిక ద్వారా నేనడిగేది ఒకటే. అయిదు వరసల ప్యాక్ మీద 48, 88 అని అచ్చు వేసి అమ్మడం ఆపించండి. బియ్యం బస్తా మీద 26 కిలోలని రాసి పది కిలోలు పోస్తే ఊరుకుంటామా? పోర్టబుల్ లిథియం బ్యాటరీలకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఐఎస్ 16046 అని, దాని కింద ఆర్ నంబరు ఉండాలి. మావాడి ప్యాక్‌లను తిప్పి తిప్పి చూశాను, 48 తప్ప ఇంకేమీ లేదు. తనిఖీ చేసే అధికారులు ఒక్క మీటర్ పట్టుకుని హార్డ్‌వేర్ దుకాణాలకు వెళితే రెండు నిమిషాల పని.

మావాడు ప్యాక్‌లను సిరీస్‌లో కలిపి, 36 వోల్టుల కంట్రోలర్ మార్చుకున్నాడు. రోజూ సాయంత్రం ప్యాక్‌లు తెచ్చి మా వరండాలో చార్జింగ్ పెట్టి, కాపలాగా కూర్చుని చదువుకుంటున్నాడు. ఆ 54.6 చార్జర్‌ను కొన్న దుకాణం వెనక్కి తీసుకోనంది. అది నా షెడ్డులో ఉంది. నిజంగా పదమూడు వరసల, అంటే అసలైన 48 వోల్టుల బ్యాటరీ ఉన్నవాళ్లెవరైనా వస్తే ఇచ్చేస్తాం.

ఇట్లు,
ఒక అల్యూమినియం పనివాడు,
అజిత్‌సింగ్‌నగర్, విజయవాడ