టి-కణానికి వైరస్ కనబడదు

సంపాదకులకు నమస్కారం.

గత వారం మీ ఆరోగ్య పేజీలో రోగనిరోధక శక్తి మీద వచ్చిన వ్యాసం శ్రద్ధగా చదివాను. టి-కణాలు (తెల్ల రక్తకణాల్లో ఒక రకం) రక్తంలో గస్తీ తిరుగుతూ, ఎదురైన వైరస్‌ను గుర్తుపట్టి చంపేస్తాయని రాశారు. పక్కన కత్తి పట్టిన సిపాయి బొమ్మ వేశారు. ఇరవై రెండేళ్లుగా హెచ్‌ఎల్‌ఎ (మన కణాల పైన ఉండే, మార్పిడికి ముందు దాతతో సరిచూసే గుర్తింపు అణువులు) పరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తున్నదాన్ని. ఆ ఒక్క మాట సరిదిద్దమని అడగడానికే ఈ ఉత్తరం.

బయట తిరిగే వైరస్‌ను ఉన్నదున్నట్టు పట్టుకునేవి యాంటీబాడీలు. టి-కణం పద్ధతి వేరు. అరుదైన కొన్ని రకాల సంగతి పక్కనపెడితే, అది తడిమి చూసేది మన సొంత కణాల ఒంటినే. దాదాపు ప్రతి కణం తన లోపలి ప్రొటీన్లను ఎప్పటికప్పుడు తునకలు చేస్తూ ఉంటుంది. ఎనిమిది నుంచి పది అమైనో ఆమ్లాలు (ప్రొటీన్ దండలోని పూసలు) ఉండే ఆ తునకలు కొన్ని హెచ్‌ఎల్‌ఎ అణువు గాడిలో కూర్చుని కణం పైకి వస్తాయి. లోపల వైరస్ చేరి ఉంటే దాని తునకలూ అలాగే బయటపడతాయి. టి-కణం పైన తడిమి చూసే భాగమైన గ్రాహకం ఆ గాడి గట్లనూ, మధ్యలో ఉన్న తునకనూ కలిపి ఒక్కసారే తాకుతుంది. రెండూ కుదిరితేనే కదులుతుంది.

ఇది ఊహ కాదు. 1974లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెరాలో రోల్ఫ్ జింకర్‌నాగెల్, పీటర్ డోహర్టీ ఎలుకల మీద చూపించారు. ఒక జాతి ఎలుకలో వైరస్ మీద తయారైన టి-కణాలు, అదే వైరస్ సోకిన వేరే జాతి ఎలుక కణాల జోలికి పోలేదు. శత్రువు అదే, దాన్ని చూపించే అణువు మారింది, అంతే. ఈ పనికి 1996లో నోబెల్ వచ్చింది. 1987లో హెచ్‌ఎల్‌ఎ-ఎ2 అణువు నిర్మాణాన్ని ఎక్స్-కిరణాలతో తేల్చినప్పుడు, రెండు గట్ల నడుమ ఆ గాడి కనిపించింది. గాడిలో ఏదో ఇరుక్కుని ఉన్న జాడ కూడా కనిపించింది. నేను ఆ చిత్రం మొదటిసారి చూసినప్పుడు చాలాసేపు పేజీ తిప్పలేకపోయాను.

ఈ సంగతి సరిగ్గా తెలియకపోతే నష్టమేమిటని మీరు అడగవచ్చు. మూలుగ మార్పిడి కోసం తమ్ముడికి దాతగా నిలబడదామని వచ్చిన ఒక అన్న, హెచ్‌ఎల్‌ఎ రిపోర్టు చేతిలో పట్టుకుని నన్ను అడిగాడు: "ఒకే తల్లి కడుపున పుట్టాం, బ్లడ్ గ్రూపు కూడా ఒకటే. మరి నాది ఎందుకు కలవలేదు మేడమ్?" తనలోనే ఏదో లోపం ఉందనుకుని కుమిలిపోయాడు.

బ్లడ్ గ్రూపు ఎర్ర కణాల గుర్తు. ఎర్ర కణాల మీద ఈ హెచ్‌ఎల్‌ఎ దాదాపు ఉండదు. రక్తాన్ని ఫైకాల్ అనే చిక్కటి ద్రావణం మీద మెల్లగా జార్చి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే ఎరుపంతా అడుక్కి దిగుతుంది, పైన ప్లాస్మా తేలుతుంది, నడుమ పొగమంచు లాంటి పలచని తెల్లని పొర నిలుస్తుంది. పిపెట్ మొన కాస్త అదిరినా చెదిరిపోతుంది. మాకు కావలసిన లింఫోసైట్లు (టి-కణాలు ఈ కోవవే) ఉండేది ఆ పొరలోనే. ఇక కలవకపోవడం అంటారా, తల్లి దగ్గరున్న రెండు హెచ్‌ఎల్‌ఎ వరుసల్లో ఒకటి, తండ్రి దగ్గరున్న రెండింటిలో ఒకటి బిడ్డకు వస్తాయి. తోబుట్టువులిద్దరికీ పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒక వంతే. అందులో ఎవరి తప్పూ లేదు. ఇదే మాట ఆయనకు కాగితం మీద నాలుగు గళ్లు గీసి చెప్పాను.

పరాయి హెచ్‌ఎల్‌ఎను టి-కణాలు ఎందుకు సహించవంటే, వాటి ఎంపిక ఛాతీలోని థైమస్ గ్రంథిలో జరుగుతుంది. అక్కడ సొంత హెచ్‌ఎల్‌ఎను బొత్తిగా తాకలేనివీ, మరీ గట్టిగా పట్టుకునేవీ చాలామటుకు చచ్చిపోతాయి. మిగిలేవి ఆ ఇంటి గాడికే అలవాటుపడినవి; పరాయి గాడిని గట్టిగా పట్టుకునేవి వాటిలో ఉన్నా అక్కడ ఏరివేత జరగదు.

మరో విన్నపం. టీకాల గురించి రాసినప్పుడల్లా యాంటీబాడీల అంకె ఒక్కటే ఇస్తున్నారు. అది తగ్గిందని భయపడి ఫోన్ చేసే వాళ్లు నాకు తెలుసు. కోవిడ్ వైరస్ రూపం మార్చుకుని యాంటీబాడీలను చాలావరకు తప్పించుకున్నా, టి-కణాలు గుర్తుపట్టే తునకల్లో ఎక్కువ భాగం మారలేదు. ఒక్క చోట మార్పు వస్తే మిగతా తునకలు ఉండనే ఉంటాయి. ఆ ముక్క కూడా రాయండి.

ఈసారి బొమ్మ వేయించేటప్పుడు సిపాయికి బదులు, రెండు గట్ల మధ్య గాడిలో పడుకున్న తొమ్మిది పూసల తునకను వేయించండి. ఆర్టిస్టుకు అర్థమయ్యేలా పెన్సిల్‌తో గీసి ఈ ఉత్తరంతో పాటు జతపరిచాను.

- ఒక ల్యాబ్ టెక్నాలజిస్టు