క్విల్లింగ్ రేకులు ఒకే సైజులో రావాలంటే

అందరికీ నమస్కారం. కొత్తగా క్విల్లింగ్ (సన్నటి కాగితం స్ట్రిప్పుల్ని చుట్టి పువ్వుల్లాంటివి చేయడం) మొదలుపెట్టినవాళ్లు ఎక్కువగా అడుగుతున్నది ఒకటే: రేకులు తలో సైజులో వస్తున్నాయని. పొరపాటంతా చుట్టిన కాగితాన్ని వదిలే దగ్గరే జరుగుతుంది.

ఒక పువ్వుకి స్ట్రిప్పులన్నీ ఒకే పొడవు ఉండాలి, 3 మి.మీ. వెడల్పు, 20 సెం.మీ. పొడవు బాగుంటుంది. చుట్టాక చేతిలో వదిలేయకుండా గుండ్రటి కంతలున్న స్కేలులో 15 మి.మీ. కంతలో పెట్టి వదలండి. అంతవరకే విచ్చుకుంటుంది. అప్పుడు కొస అంటించి, ఒక పక్క నొక్కితే రేకు తయారు.

కొసని కత్తెరతో కత్తిరించొద్దు, చేత్తో చింపండి. కత్తిరించిన అంచు మెట్టులా తేలి కనిపిస్తుంది, చింపినది కలిసిపోతుంది. తెల్ల జిగురు టూత్‌పిక్ మొనకి అంటినంత చాలు. ఎక్కువైతే కాగితం ఉబ్బి, ఆరాక మెరిసే మరక మిగులుతుంది.

చుట్టడానికి మొనలో చీలిక ఉన్న టూల్ వాడితే చుట్ట మధ్యలో చిన్న మడత పడుతుంది. అది నచ్చనివాళ్లు సూది టూల్‌తో చుట్టండి, కాస్త ఓపిక కావాలి.

జుంకాలకు చుట్టల్ని గిన్నెలా ఉబ్బెత్తుగా చేసినప్పుడు లోపలివైపు జిగురు పూత రెండుసార్లు వేయండి, మొదటిది పూర్తిగా ఆరాకే రెండోది. లేకపోతే వేలు తగిలినా లోపలికి కుంగిపోతాయి.