వాపసు చీటీలో లేని గడి

సంపాదకులు గారికి నమస్కారం.

పిల్లల పుస్తకాల మీద మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. కామిక్స్ గురించి అభిమానులు పెట్టే గోలకూ అమ్మకాలకూ సంబంధం లేదనీ, గోల చేసేవాళ్ళు గుప్పెడు మందేననీ, కొనేవాళ్ళు వేరే ఉంటారనీ అందులో రాశారు. ఈ మాటతో నాకు పేచీ ఉంది.

నాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా మావయ్యగారు పెట్టిన పత్రికల ఏజెన్సీని నేను నడుపుతున్నాను. ఇప్పుడు పత్రికలతో బాటు నోటుబుక్కులు, స్కూలు బ్యాగులు, టిఫిన్ బాక్సులు కూడా అమ్ముతాం. ఒక గోడకి బొమ్మల కథల పుస్తకాలు, ఎదురు గోడకి ఆ బొమ్మలే వేసిన బ్యాగులు. ఏ బొమ్మ పోతుందో ఏది పోదో అంచనా లేకుండా సరుకు దించితే, బళ్ళు తెరిచే సీజను దాటాక అది అటకెక్కుతుంది. అందుకని ఈ వ్యాపారం గురించి కనబడిందల్లా చదవడం నాకు అలవాటు. పాఠకుడికి కోపమొస్తే దెబ్బ ఎవరికి ముందు తగులుతుందో, ఎవరికి ఆలస్యంగా తగులుతుందో నాకు తెలుసు.

ముందు తగిలేది దుకాణానికి. అమెరికాలో ఇది మరీ కఠినం. అక్కడ కామిక్స్ దుకాణాలు చాలావరకు వాపసు లేని పద్ధతిలో సరుకు తెచ్చుకుంటాయి. పుస్తకం రావడానికి ముందే ఇన్ని కావాలని రాసివ్వాలి, మిగిలితే దుకాణదారు నెత్తినే. అంటే ప్రచురణకర్త లెక్కల్లో 'అమ్ముడయింది' అని కనిపించేది దుకాణం కొన్న సంఖ్యే గాని పాఠకుడు కొన్న సంఖ్య కాదు. 1991లో 'ఎక్స్-మెన్' కొత్త వరస మొదటి సంచిక 80 లక్షల ప్రతులు దాటింది. అయిదు రకాల అట్టలతో వేశారు, చాలామంది ఒక్కొక్కరే అయిదూ కొన్నారు. 1992 చివర సూపర్‌మ్యాన్ చనిపోయే సంచికను నల్ల సంచిలో పెట్టి అమ్మితే, రేపు ధర పెరుగుతుందని సంచి విప్పకుండానే దాచుకున్నవాళ్ళున్నారు. ఈ లెక్కలు చూసి పాఠకులు సంతోషంగా ఉన్నారనుకోవడం ఎలా కుదురుతుంది? అట్టల కోసం కొన్నవాడు రెండో నెల రాడు. కథ కోసం కొనేవాడు మాత్రం నెలనెలా వస్తాడు, వాడికి నచ్చకపోతే నోరు విప్పేదీ వాడే. మీ వ్యాసంలో 'గుప్పెడు మంది' అని తీసి పారేసింది వీళ్ళనే.

ఆ నెలనెలా వచ్చేవాడికి 1994లో ఏం చేశారో చెబుతాను. స్పైడర్‌మ్యాన్ కథలో, ఎప్పుడో 1975 నాటి పాత సంచికల్లో వచ్చి పోయిన నకలు మనిషిని మళ్ళీ తెచ్చారు. తెచ్చి, ఇన్నేళ్ళుగా స్పైడర్‌మ్యాన్‌గా మీరు చదువుతున్న పీటర్ పార్కరే నకలు, అసలువాడు ఈ తిరిగొచ్చినవాడు అన్నారు. కొద్ది నెలల్లో ముగించాలనుకున్న కథ అది. మొదట్లో బాగా అమ్ముడుపోతోందని రెండేళ్ళు సాగదీశారు. పాఠకులు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. చివరికి 1996లో, కాదు కాదు, పీటరే అసలువాడు అని దిద్దుకున్నారు. ఆ ఏడాది డిసెంబరులోనే, ఈ కథలు వేసే మార్వెల్ సంస్థ దివాలా పిటిషన్ వేసింది.

దివాలాకి ఈ ఒక్క కథే కారణమని నేననను. అప్పులు చేసి వేరే కంపెనీలు కొన్నారు, పంపిణీ తామే చేసుకోబోయి దెబ్బతిన్నారు, దాచుకోవడానికి కొనే జనం ఒక్కసారిగా తగ్గిపోయారు. అయితే అప్పులవాళ్ళు తలుపు తట్టిన రోజున పాఠకుడు పక్కన లేకపోవడం ఏ సంస్థకైనా చిన్న విషయం కాదు. ఆ గడ్డు కాలంలోనే స్పైడర్‌మ్యాన్ సినిమా హక్కులు సోనీకి వెళ్ళాయి. 1999లో ఖాయమైన ఒప్పందం అది. తర్వాత 2009లో డిస్నీ దాదాపు 400 కోట్ల డాలర్లు పెట్టి మార్వెల్‌ని కొన్నా, స్పైడర్‌మ్యాన్ సినిమా హక్కులు సోనీ దగ్గరే ఉండిపోయాయి. కష్టకాలంలో పెట్టిన సంతకం మంచి రోజులొచ్చాక కూడా వదలదు. హక్కుల బేరానికి కూర్చునేటప్పుడు బలంగా ఉండాలంటే, అంతకు ముందు నాలుగైదేళ్ళు పాఠకుణ్ణి నిలబెట్టుకుని ఉండాలి.

ఇక ఆలస్యంగా తగిలేది లైసెన్సు సొమ్ముకి. ఇది చాలామందికి అర్థం కాదు గనుక కాస్త వివరంగా రాస్తాను. బ్యాగు మీదో టిఫిన్ బాక్సు మీదో బొమ్మ వేసుకునే తయారీదారు, బొమ్మ సొంతదారుకి ముందే మినిమం గ్యారంటీ అని కొంత సొమ్ము ఒప్పుకుంటాడు. అమ్మకంలో ఇంత శాతం రాయల్టీ కూడా ఉంటుంది, అది గ్యారంటీని దాటితే ఆ పైది కట్టాలి. సరుకు పోయినా పోకపోయినా గ్యారంటీ సొమ్ము కట్టాల్సిందే. ఇలాంటి ఒప్పందాలు సాధారణంగా రెండు మూడేళ్ళకు రాసుకుంటారు. కాబట్టి ఈ ఏడు పాఠకులు మొహం తిప్పుకున్నా సొంతదారు ఖాతాలో లైసెన్సు డబ్బు పడుతూనే ఉంటుంది. అది చూసి, అంతా సవ్యంగా ఉంది, ఆ ఉత్తరాలవాళ్ళ గోల మనకెందుకు అనుకుంటారు. ఒప్పందం తిరగరాసే రోజున తయారీదారు చేతులు ముడుచుకుంటాడు. పాఠకుడు ఎందుకు వెళ్ళిపోయాడో అప్పుడు వెతకబోతే చెప్పేవాడు దొరకడు.

దీనికి మీరొక అభ్యంతరం చెప్పవచ్చు. బ్యాగు కొనే పిల్లల్లో చాలామంది ఆ కామిక్ ఒక్క పేజీ కూడా చదివి ఉండరు కదా, సినిమా చూసో టీవీ చూసో అడుగుతారు కదా అని. నిజమే, మా దుకాణంలోనూ అంతే. కానీ సినిమాకి ఆ మనిషి ఎక్కణ్ణించి వచ్చాడు?

మొన్న సీజన్లో ఒక బాబు వాళ్ళమ్మతో వచ్చాడు. ఎర్రా నీలం స్పైడర్‌మ్యాన్ బ్యాగు తీసి చూపించాను. ముట్టుకోలేదు. "ఇది కాదత్తా, నల్లబట్టలోడిది కావాల" అన్నాడు. వాళ్ళమ్మ, "రెండూ ఒకటే కదరా, ఇదే తీసుకో" అంటే వాడు నడుం మీద చేతులు పెట్టుకుని, "ఎర్రబట్టలోడు పెద్దోడమ్మా, నల్లబట్టలోడు నా ఈడోడు" అన్నాడు. వాడడిగింది ఇంకో స్పైడర్‌మ్యాన్ అయిన మైల్స్ మొరాలెస్‌ని, నల్ల దుస్తుల మీద ఎర్ర సాలెగీతలుండే కుర్రవాణ్ణి. ఆ కుర్రవాణ్ణి 2011లో రచయిత బ్రయాన్ మైకేల్ బెండిస్, చిత్రకారిణి సారా పికెల్లీ కామిక్స్‌లోకి తెచ్చారు. అప్పుడూ కొందరు పాఠకులు మండిపడ్డారు, పీటర్ స్థానంలో ఇంకొకడేమిటని. కానీ ఆ కథ రాసినవాళ్ళు కుర్రవాడికి ఒక ఇల్లు, అమ్మానాన్నలు, భయాలు, బడి అన్నీ ఇచ్చి ఓపిగ్గా నడిపారు. చదివేవాళ్ళు నిలిచారు. 2018లో అతను నాయకుడుగా యానిమేషన్ సినిమా వచ్చింది. ఆ తర్వాతే నల్ల బ్యాగులు మా దాకా వచ్చాయి.

కాబట్టి పాఠకుడు అరిచిన ప్రతిసారీ తలొగ్గమని నేను చెప్పడం లేదు. 'కొత్తవాడొద్దు' అనే కోపం వేరు, 'మమ్మల్ని మోసం చేశారు' అనే కోపం వేరు. మొదటిది మంచి కథతో చల్లారుతుంది. రెండోది చల్లారదు, ఆ పాఠకుడు వెళ్ళిపోతాడు. 2011లోనే సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్ కథలు వేసే డీసీ సంస్థ తన పుస్తకాలన్నీ ఒకటో నంబరు నుంచి మళ్ళీ మొదలుపెట్టి, పాత్రల మధ్య ఏళ్ళుగా అల్లుకున్న బంధాలు, జ్ఞాపకాలు చాలావరకు తుడిచేసింది. మొదట్లో అమ్మకాలు ఎగిశాయి, తర్వాత జారాయి. 2016లో 'రీబర్త్' పేరుతో ఆ బంధాలను తిరిగి కథల్లోకి తెచ్చారు, ఒక్కో సంచిక ధర 2.99 డాలర్లకు దించారు. పాఠకులు తిరిగి వచ్చారు. వాళ్ళేం అడుగుతున్నారో విన్నందుకే అది సాధ్యమైంది.

వినడమంటే ఓట్లు లెక్కపెట్టడం మాత్రం కాదు. బ్యాట్‌మ్యాన్‌కి సాయంగా ఉండే కుర్రవాడి పేరు రాబిన్. అదే డీసీ 1988లో, ఆ పేరుతో వచ్చిన రెండో కుర్రవాడు పాఠకులకు నచ్చడం లేదని, అతను బతకాలా చావాలా అని ఫోన్ ఓటింగ్ పెట్టింది. చంపమని 5,343, వద్దని 5,271. తేడా 72 ఓట్లు, పిల్లవాడు చచ్చిపోయాడు. మరుసటి ఏడే కొత్త రాబిన్‌ని వెతుక్కోవలసి వచ్చింది. ఎందుకు నచ్చలేదని అడిగి ఉంటే ఏ జవాబు వచ్చేదో.

అమెరికా సంగతి మనకెందుకు అంటారేమో. మనకే ఎక్కువ కావాలి. మాది గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రంలోకి వెళ్ళాం. పొలిమేర దాటితే పాతపట్నం, ఆంధ్ర. ఇటువైపు మా పిల్లలు బళ్ళో ఒడియా, ఇంగ్లీషు చదువుతారు. తెలుగు మాట్లాడతారు గాని, అక్షరాలు చాలామందికి ఇంటిపట్టున నానమ్మో తాతయ్యో నేర్పినవే. ఆ అక్షరాలు నిలవాలంటే చదవడానికి ఏదో ఒకటి ఉండాలి, అది బొమ్మలున్నదై ఉండాలి. చందమామ 1947 జులైలో మొదలై, తర్వాత ఒడియాలో జహ్నమాముగా కూడా వచ్చింది. రెంటిలోనూ బొమ్మలవే, కథలవే. మా వీధిలో ఒకే అరుగు మీద అన్న జహ్నమాము, చెల్లెలు చందమామ పక్కపక్కన పరుచుకుని బేతాళ కథ చదువుకోవడం నేను చూశాను. 2007లో ఆ పత్రిక చేతులు మారింది, కొన్నేళ్ళకే ఆగిపోయింది.

ఆ ఖాళీని పూడుస్తామని తెలుగులో ఒకటి రెండు పిల్లల పత్రికలు వచ్చాయి. పేర్లు రాయను. వాటిలో ఒకదానికి మా ఊళ్ళో మంచి గిరాకీ ఉండేది. మధ్యలో బొమ్మలేసే ఆయన్ని మార్చారు, సాగుతున్న సీరియల్ ఒకటి ముగించకుండానే ఆపేశారు, దాని జాగాలో ఒక టీవీ పాత్ర బొమ్మలు లైసెన్సు తెచ్చుకుని నింపారు. ఏ మాటా చెప్పలేదు. నా దగ్గరికొచ్చే పిల్లలు ఆ అడవిలో చిక్కుకున్న రాకుమారి సంగతేంటని నన్నడిగేవారు. నేను కార్యాలయానికి ఉత్తరం రాశాను, జవాబు లేదు. ఆపైన అమ్ముడుపోని ప్రతులు కట్టి పంపడం మొదలైంది. విజయవాడలో పిల్లవాడికి ఒక పత్రిక పోతే బళ్ళో తెలుగు వాచకమైనా ఉంటుంది. ఇక్కడ పోతే తెలుగే పోతుంది. ఆ పిల్లల్లో కొందరు ఇప్పుడు కాలేజీకి వెళ్తున్నారు, దుకాణం బోర్డు మీది తెలుగు కూడబలుక్కుని చదువుతారు.

ఎలా చెయ్యవచ్చో చూడాలంటే తమిళనాడులో శివకాశి చాలు. 1972లో మొదలైన ముత్తు కామిక్స్, 1984లో మొదలైన లయన్ కామిక్స్ ఇటలీ, ఫ్రాన్సు, బెల్జియం కథలకు లైసెన్సు తీసుకుని తమిళంలో వేస్తున్నారు. ఏడాది చందాల మీద నడుపుతారు, ఈరోడ్ పుస్తక ప్రదర్శనకు వచ్చే పాఠకులతో కూర్చుని మాట్లాడతారు. పాఠకులు తిట్టేదీ అక్కడే, చందా కట్టేదీ అక్కడే.

నేనడిగేది పెద్ద ఖర్చు పని కాదు. అమ్ముడుపోని ప్రతులు వెనక్కి పంపేటప్పుడు ఏజెంట్లమందరం ఒక చీటీ నింపుతాం. అందులో పత్రిక పేరు, సంచిక, ఎన్ని ప్రతులు అని మూడే గడులుంటాయి. ఎందుకు మిగిలాయి అనే గడి లేదు. నేను మాత్రం చీటీ వెనక రాస్తుంటాను: 'సీరియల్ ఆగింది', 'బొమ్మలు బాగోలేదంటున్నారు', 'పరీక్షలు, వచ్చే నెల అడిగారు'. ఈ మూడింటికీ మందు వేర్వేరు. ఉత్త సంఖ్య చూసేవాళ్ళకి మూడూ ఒకటిలాగే కనబడతాయి, పిల్లలు ఫోన్లు చూస్తున్నారని నిర్ణయించేసి ప్రతులు తగ్గిస్తారు.

మీ పిల్లల పేజీకి కూడా ఇదే మనవి. ఒక బొమ్మల కథ ఆపుతుంటే రెండు వారాల ముందు చెప్పండి. పిల్లల ఉత్తరాల్లో మెచ్చుకున్నవే కాకుండా, కోప్పడినవీ వెయ్యండి, కింద మీ జవాబు వెయ్యండి. మీ చిత్రకారుల కథలు ఎవరైనా లైసెన్సుకి అడిగితే, ఒడియాలో వేసుకునే హక్కు కూడా ఆ ఒప్పందంలో కలపమనండి. గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో రెండు భాషల ఇళ్ళు చాలా ఉన్నాయి, రెండు పుస్తకాలూ కొనేవాళ్ళున్నారు. వచ్చే నెల నుంచి మీ వాపసు చీటీలో ఆ నాలుగో గడి వేయిస్తే, మా ఊరి లెక్క మొదటగా నేను పంపుతాను.

ఇట్లు,
పత్రికల ఏజెంటు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా